సులోచన మేడం చెప్పిన రష్యన్

పోయిన నెల బిజినేపల్లి దగ్గరి ఒక ఊళ్లో అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించడానికి వెళ్లాను. బరువు తూచే మిషన్ పక్క గదిలోంచి తెస్తామంటే చాప మీద కూర్చుని చూస్తున్నాను. నా పక్కన ఒక పాప పలక మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, గౌను అంచుతో గట్టిగా తుడిచింది. తడిసిన పలకా అరిగిన బలపమూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. చిన్ననాటి బడి గుర్తుకు రావాలి నిజానికి. నాకు మాత్రం పంతొమ్మిదేళ్ల వయసు గుర్తుకొచ్చింది. ఇంటర్ పూర్తి చేసి, డాక్టరీ చదవడానికి దేశం దాటబోతున్న పిల్లను, వనపర్తిలో ఒక ఇరుకు గదిలో బాసింపట్టు వేసుకుని పలక దిద్దాను. దిద్దించిన మనిషి పేరు సులోచన. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి. ఎంసెట్ రెండుసార్లు రాశాను. రెండుసార్లూ మెడిసిన్ సీటు రాలేదు. మాది బిజినేపల్లి వైపు మెట్ట సేద్యం. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆముదాలు. అమ్మ నేను ఆరో తరగతిలో ఉండగా కడుపునొప్పితో చనిపోయింది. రెండు రోజులు గ్యాసు నొప్పి అనుకున్నారు. మూడో రోజు పాలమూరు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. అప్పటినుంచీ నన్ను డాక్టరును చెయ్యాలని నాన్నకు ఒకటే పట్టు. రెండోసారి కూడా సీటు రాలేదని తెలిసిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత ఎవరో చెబితే హైదరాబాదులో విదేశాలకు పంపే ఒక ఆఫీసుకు నన్ను తీసుకుపోయాడు. అక్కడ టై కట్టుకున్న ఒకాయన మా ముందు రెండు రంగుల కాగితాలు పెట్టాడు. ఒకటి చైనా, ఒకటి రష్యా. చైనాలో అంతా ఇంగ్లీషులోనే చెబుతారనీ, భాష గొడవే ఉండదనీ అన్నాడు. రష్యా అయితే భాష నేర్చుకోక తప్పదన్నాడు. నాకు వెంటనే చైనా నచ్చింది. భాష నేర్చుకోనక్కర్లేదన్న ఒక్క కారణానికే నచ్చింది.

నాన్న మాత్రం అక్కడ సంతకం పెట్టలేదు. "ఇంకొకరిని అడుగుదాం బిడ్డా, మనకేం తెల్వదు గద" అన్నాడు. మా ఊరి తెలుగు పంతులు సులోచన మేడం పేరు చెప్పాడు. వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుందనీ, ఒకప్పుడు హైదరాబాదులో రష్యావాళ్ల దగ్గర పని చేసిందనీ, ఆమెకు ఆ దేశాల సంగతి తెలుస్తుందనీ అన్నాడు. మేము వెళ్లేసరికి ఆమె వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పొడుగ్గా, ఎండిన కట్టెలాగా ఉంది. యాభైకి దగ్గర పడిన వయసు. జుట్టు గట్టిగా ముడేసుకుంది. కూర్చోమని కూడా అనకుండా, నాన్న చెప్పిందంతా పెన్ను ఆపి విన్నది.

"మా బిడ్డకు ఏ దేశం మంచిగుంటదో మీరే జర చెప్పుండ్రి మేడం" అన్నాడు నాన్న.

ఆమె నావైపు తిరిగింది. "నీకేది కావాల్నో చెప్పు."

"చైనా మేడం. అక్కడ ఇంగ్లీషుల చెప్తరంట. భాష అక్కర్లేదంట."

"పాఠం ఇంగ్లీషుల చెప్తరు, సరే. మంచం మీద పడుకున్న ముసలామె ఇంగ్లీషుల మూలుగుతదా?"

ఆమె మళ్లీ పేపర్లు దిద్దడం మొదలుపెట్టి, తల ఎత్తకుండానే అన్నది. "చైనాకు పోతే చైనా భాష నేర్చుకో. అది నాకు రాదు. రష్యాకు పోతే నేను చెప్త. భాష లేకుండ మాత్రం ఏ దవాఖానల అడుగు పెట్టకు. మనిషి చెప్పేది తెల్వకుండ మనిషిని ఎట్ల ముట్టుకుంటవు?"

బస్సులో నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుంటే, "మీ అమ్మ చెప్పింది. మనకే తెలువలె" అన్నాడు. నేను రష్యన్ ఎంచుకున్నాను. పెద్దగా ఆలోచించి ఎంచుకున్నానని చెప్పుకోవడం అబద్ధమవుతుంది. చైనా భాష చెప్పేవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు. రష్యన్ చెప్పే మనిషి ఒక బస్సు దూరంలో ఉంది.

మరుసటి వారం నుంచి రోజూ పొద్దున మొదటి బస్సుకు వనపర్తి పోయేదాన్ని. ఆమె కాలేజీకి బయలుదేరేలోగా రెండు గంటల పాఠం. మొదటిరోజు కొత్త నోటుబుక్కు తీసుకుపోతే దాన్ని పక్కకు పెట్టించి చేతికి పలక ఇచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "నోటుబుక్కుల తప్పు రాస్తే అట్లనే ఉంటది. పలక మీద తప్పు రాస్తే తుడుస్తవు. మొదటి నెల అన్నీ తప్పులే రాస్తవు" అన్నది. అన్నట్టుగానే నెలంతా తప్పులు రాశాను. ఇంగ్లీషు అక్షరంలాగే కనిపించి ఇంకోలా పలికే అక్షరాలు, అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలు. ఆమె కోప్పడేది కాదు. తడిగుడ్డ నా ముందుకు జరిపేది.

అక్షరాలు వచ్చాక వాక్యాలు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. పెద్ద దవాఖాన వరండాలో వారం రోజులు కూర్చుని రమ్మన్నది. "వచ్చిన రోగులు నొప్పిని ఏమని చెప్తరో తెలుగులనే రాసుకరా. ఒక్క మాట కూడ నీ సొంతంది వద్దు" అన్నది. రష్యన్ నేర్చుకోవడానికి వచ్చినదాన్ని తెలుగు రాసుకోవడమేమిటని చిన్నబుచ్చుకున్నాను. కానీ ఆ వారంలో నా నోటుబుక్కు నిండిపోయింది. ఒకాయనకు కాలు గుంజుతున్నది. ఒకామెకు పన్ను సలుపుతున్నది. ఒకరికి కడుపులో మెలిపెడుతున్నది, ఒకరికి గుండెల మంట, ఒకరికి ఒళ్లంతా తీపులు, ఒకరికి నడుము కలుక్కుమన్నది. ఇవన్నీ నేను పుట్టినప్పటి నుంచి వింటున్న మాటలే. ఒక్కోటి ఒక్కో నొప్పి అని ఎప్పుడూ తట్టలేదు. మేడం ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కో మాటకు రష్యన్‌లో దగ్గరి మాట వెతికి చెప్పింది. సలపడానికి నోయెత్, గుచ్చడానికి కోలెత్, మంటకు జ్జోత్. కొన్నింటికి ఆమెకూ దొరకలేదు. వాటి ఎదురుగా ఖాళీ వదిలేసింది. "అక్కడికి పోయినంక వాళ్లను అడిగి నింపుకో" అన్నది.

ఇంకో ఆట లాంటి పాఠం ఉండేది. ఆమె మంచం మీద పడుకుని రోగిలా రష్యన్‌లో బాధ చెప్పేది. నేను దాన్ని తెలుగులో, లేని డాక్టరుకు చెప్పాలి. ఒకరోజు ఆమె కీళ్లనొప్పుల ముసలమ్మ వేషం వేసింది. నేను అంతా చెప్పి, చివర "రాత్రంతా నిద్ర కూడా పట్టలేదట, పాపం" అని కలిపాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"రాత్రి సంగతి నేను చెప్పిన్నా?"

"లేదు మేడం. నొప్పి ఉంటే నిద్ర పట్టదు గద అని..."

"పాపం అని కూడ నేను అనలె. నా నోట్ల మాట గుంజుకొని నీ మాట పెట్టినవు. నీది మంచి మనసే. కానీ ఆ ముసలామె చెప్పింది ఏందో ఇగ ఎవ్వరికీ తెల్వదు."

ఆమె అంత నొచ్చుకోవడం అదే మొదటిసారి చూడటం. అప్పుడు నాకు అతి అనిపించింది.

వానాకాలం సగం గడిచేసరికి చిన్న చిన్న మాటలు రష్యన్‌లోనే మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు ముసురు పట్టి ఆమె కాలేజీకి పోలేదు. పాఠం అయ్యాక కూడా బస్సు లేక ఉండిపోయాను. ఊరికే అడిగినట్టు, "మీరు రష్యాకు ఎప్పుడు పోయిన్రు మేడం?" అన్నాను.

"పోలె" అన్నది.

నేను నమ్మలేదు. ఇంత భాష అక్కడికి పోకుండా ఎలా వస్తుందనుకున్నాను. ఆమె చాలా మామూలు గొంతుతో చెప్పింది. ఆమెది గద్వాలలో నేతవాళ్ల ఇల్లు. తల్లి లేదు, తండ్రికి చూపు మందగించింది. మగ్గం మీద అన్న రంగన్న కూర్చుంటే, నేతకు కావలసిన నూలు కండెలకు చుట్టి ఇచ్చేది ఈమె. చదువులో ముందుండేదని మేనత్త హైదరాబాదుకు తీసుకుపోయి పీయూసీలో చేర్పించింది. రష్యా ప్రభుత్వం మన పిల్లలకు ఉచితంగా డాక్టరీ చదువు చెప్పిస్తుందని విని, ఈమె సాయంత్రం పూట రష్యన్ క్లాసులకు పోయింది. భాష వచ్చినవాళ్లను ముందు పిలుస్తారని ఎవరో చెప్పారట. ఇంటర్వ్యూ బాగా చేసి, సెలవుల్లో గద్వాలకు వచ్చి ఉత్తరం కోసం ఎదురుచూసింది. పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు వినిపిస్తే కండెలు చుట్టే రాట్నం ఆపేదట. ఉత్తరం రాలేదు. రాలేదనే అనుకుంది. రష్యన్‌లోనే డిగ్రీ చేసి, హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో రష్యన్ ఇంజినీర్ల మాటలు మనవాళ్లకు, మనవాళ్ల మాటలు వాళ్లకు చెప్పే ఉద్యోగంలో చేరింది. చేరిన ఏడాదే తండ్రి పోయాడు. కర్మకు గద్వాల పోయి, నూలు పెట్టె సర్దుతుంటే అడుగున ఉత్తరం దొరికింది. సీటు వచ్చిందనీ, ఫలానా తేదీలోపు రావాలనీ. ఆ తేదీ దాటి ఏళ్లయింది.

"మీ అన్నను అడిగిన్రా?"

"అడగలె. ఉత్తరం ఆయన ముందట పెట్టిన. తల దించుకున్నడు. నేను పోతే ఇల్లు ఆగమైతదని దాచినట్టున్నడు. నిజంగనే ఆగమయ్యేదేమో, నాకు తెల్వదు. మల్ల ఆ ఇంటికి పోలె." జల్లు కొడుతున్న కిటికీ రెక్క మూసి, "ఆయన రెండుసార్లు వచ్చిండు. తలుపు తీయలె" అన్నది.

రష్యా ముక్కలయ్యాక ఫ్యాక్టరీలో ఇంజినీర్లు వెళ్లిపోయారు. ఆమె పని పోయింది. వనపర్తికి వచ్చి, ఇంగ్లీషు చెప్పుకుంటూ ఒంటరిగా ఉండిపోయింది. ఇదంతా చెప్పి లేచి, కుంపటి మీద టీ పెట్టింది. నాతో ఒక్కసారి కూడా "నాకు దొరకంది నీకు దొరికింది" అనలేదు. అంటే బాగుండేదని అప్పుడనిపించింది. ఇప్పుడనిపించదు.

నా ప్రయాణానికి పది రోజులుందనగా ఒక పొద్దున వెళ్లేసరికి ఆమె గదికి బయట గొళ్లెం పెట్టి ఉంది. ఇంటి యజమానురాలు బాలమణెమ్మ పరుగున వచ్చి, "మీ మేడంను దవాఖానకు తోల్కపోయిన్రు బిడ్డా. తెల్లారి చూస్తే నీళ్ల బిందె కాడ పడిపోయి ఉంది" అన్నది. పక్షవాతం. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. మూతి ఒక పక్కకు వంగింది. నేను వార్డులోకి పోయేసరికి నర్సు విసుగ్గా బయటికి వస్తోంది. "ఏందో పిచ్చి మాటలు మాట్లాడుతుంది. ఒక్క ముక్క సమజైతలేదు" అన్నది.

మంచం దగ్గరికి పోయి చెవి దగ్గరగా పెట్టాను. అవి పిచ్చి మాటలు కావు. నాలుక మందంగా తిరుగుతోంది కానీ మాట తెలుస్తోంది. "వదీ... వదీ..." అంటోంది. నీళ్లు.

"నీళ్లు అడుగుతున్నరు" అని అరిచాను. అక్కడున్న డాక్టరు ఆశ్చర్యంగా చూశాడు. ఆమె మాట్లాడుతున్నది రష్యన్ అని చెప్పాను. ఆయన కుర్రవాడే, ఓపిక ఉన్నవాడు. కొందరికి మెదడులో దెబ్బ తగిలినప్పుడు ఒక భాష పోయి ఇంకో భాష మిగులుతుందని చెప్పాడు. మేడం నోట్లోంచి తెలుగూ, రోజూ చెప్పే ఇంగ్లీషూ పూర్తిగా పోయాయి. తల్లిభాష పోయి, చూడని దేశం భాష మిగిలింది. గ్లాసుతో నీళ్లు తేబోతే డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మింగలేదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు, ఆ మాట నువ్వే చెప్పాలి అన్నాడు.

నేను చెప్పాను. "నిల్‌జ్యా" అన్నాను. కూడదు అని. ఆమె దగ్గర నేర్చుకున్న భాషలో, అవసరానికి ఆమెతో అన్న మొదటి మాట అదే. ఆమె నా కళ్లలోకి చూసి, మళ్లీ నీళ్లు అడగలేదు.

మూడు రోజులు ఆ మంచం పక్కనే ఉన్నాను. డాక్టరు అడిగింది ఆమెకు చెప్పడం, ఆమె అన్నది డాక్టరుకు చెప్పడం. తల ఎలా ఉందంటే "నోయెత్" అన్నది. సలుపుతున్నదట అని చెప్పాను. ఒక్క మాట కలపలేదు. కబురు తెలిసి వచ్చిన నాన్న, కర్నూలు తీసుకుపోతే ఏమైనా చేస్తారేమోనని అడిగాడు. కదిలించే స్థితి కాదన్నారు. ఆమెకు అన్న ఉన్నాడని నేను చెబితే, నాన్నే గద్వాలకు మనిషిని పంపాడు.

మూడో రోజు మధ్యాహ్నం రంగన్న వచ్చాడు. చెల్లెలిలాగే పొడుగు మనిషి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని కూర్చుని నడుము వంగిపోయింది. వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రావడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. నేను ఎదురుపోయి నేనెవరో చెప్పాను. మేడం తలగడ దగ్గర వంగి, అన్న వచ్చాడని రష్యన్‌లో చెప్పాను. ఆమె కళ్లు తెరిచి గుమ్మం వైపు చూసింది. పెదవులు కదిలాయి. మాట మొదలు నాలుక కింద ఎక్కడో అణిగిపోయింది. నాకు వినిపించింది చివరి సగమే. "...అయ్‌దీ" అని.

ఆ చివర ఉన్న మాటలు నాకు అప్పటికి రెండే తెలుసు. రెండూ ఆమే నేర్పింది. పదయ్‌దీ అంటే దగ్గరికి రా. అతయ్‌దీ అంటే దూరం పో. ముందున్న ఒక చిన్న చప్పుడే తేడా.

"ఏమన్నది బిడ్డా?" అన్నాడు రంగన్న గుమ్మంలోంచి. రెండు చేతులూ తువ్వాలును నలుపుతున్నాయి.

మళ్లీ చెప్పండి అనడానికి రష్యన్‌లో ఏమంటారో నాకు తెలుసు. పఫ్తరీతె. ఆ ఒక్క మాట ఆమెతో అంటే చాలు. అనలేదు. మళ్లీ అడిగితే రెండోసారి స్పష్టంగా వినిపించే మాట ఏదవుతుందోనని భయపడ్డాను. ఆ ముసలాయన మొహం చూశాను.

"దగ్గరికి రమ్మంటున్నరు పెద్దనాయినా" అన్నాను.

ఆయన వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. చచ్చుబడని ఎడమ చెయ్యి పట్టుకుని, దానికి నుదురు ఆనించి, "తప్పైంది చెల్లె, తప్పైంది" అని ఏడ్చాడు. ఆమె ఆ తెలుగు విన్నదో లేదో, విన్నా అర్థమైందో లేదో నాకు తెలియదు. నేను దాన్ని రష్యన్‌లోకి మార్చి చెప్పలేదు. అక్కడ ఉండలేక బయటికి వచ్చేశాను. మరుసటి రోజు పొద్దున ఆమె చనిపోయింది.

వారం తర్వాత నేను రష్యా వెళ్లిపోయాను. అక్కడి చదువు గురించి ఇక్కడ చెప్పను. అక్కడ నాతో వచ్చిన పిల్లలు రోగుల మంచాల దగ్గర దిక్కులు చూస్తుంటే నేను మాట్లాడగలిగాను. మేడం వదిలిన ఖాళీలను ఒక్కొక్కటే నింపుకున్నాను. పక్షవాతం వార్డులో పని చేసిన నెల మాత్రం అన్నం సయించలేదు. ప్రతి మంచం దగ్గరా చివరి సగం మాటలే వినిపించేవి.

మూడో ఏడు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు గద్వాల వెళ్లాను. రంగన్న మగ్గం మానేశాడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, కోడలితో మంచినీళ్లు ఇప్పించి, ఆమె లోపలికి పోయేదాకా ఆగి అడిగాడు.

"ఆ దినం మా సులోచన నిజంగ దగ్గరికి రమ్మన్నదా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. "సరిగ వినపడలె పెద్దనాయినా. సగమే వినపడింది. ఆ సగానికి రమ్మన్నట్టూ వస్తది, పొమ్మన్నట్టూ వస్తది. నేనే రమ్మన్నదని చెప్పిన" అన్నాను.

ఆయన వీధిలోకి చూశాడు. ఆయనకు కోపం వస్తే బాగుండునని ఎదురుచూశాను.

"నేను చెయ్యి పట్టుకున్నప్పుడు మొకం గోడదిక్కు తిప్పుకుంది" అన్నాడు. "నాకు అప్పుడే తెలిసింది. అయినా నువ్వు చెప్పినవని అక్కడ్నే కూసున్న."

కాసేపటికి, "అది నొప్పికి తిప్పుకుందో, నన్ను చూడలేక తిప్పుకుందో, అది గూడ తెల్వదు బిడ్డా" అని కూడా అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, తనను తాను ఓదార్చుకోవడానికి అన్నాడో నేను అడగలేదు. ఆ ఏటి చలికాలంలో ఆయనా పోయాడని నాన్న ఫోనులో చెప్పాడు.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూలులో వైద్యం చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా నా భాషవాళ్లే. అయినా పళ్లు లేని ముసలమ్మలు, జ్వరంలో కలవరించేవాళ్లు, మొగుడు పక్కనుంటే గొంతు పెగలని ఆడవాళ్లు వస్తారు. ఏదో గొణుగుతారు. పక్కనున్నవాళ్లు అందుకుని, "ఏం లేదు డాక్టరమ్మా, గ్యాసంట" అని తేల్చేస్తారు. నేను వాళ్లను ఆగమంటాను. కుర్చీ ముందుకు జరుపుకుని, "నాకు సమజు కాలేదమ్మా, మల్లొకసారి చెప్పు" అంటాను. అప్పటికీ తెలియకపోతే ఇంకోసారి అడుగుతాను. బయట వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. డాక్టరమ్మకు చెవుడని ఊళ్లో పేరు కూడా పడింది. ఆ పేరుకు నేను ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.